ఒక పోతపనివాని చరిత్ర



నేడు నేను చెప్పబోవునది రాజు చరిత్ర గాని, కవి చరిత్ర గాని కాదు. బాన్సువాడ ప్రాంతమున పుట్టి, హైదరాబాదు నగరపు శివారున 39 ఏండ్లు ఇనుము కరగించి పోసిన ఒక కార్మికుని చరిత్ర. ఆయన 2019వ సంవత్సరమున, 81వ యేట దివంగతుడయ్యెను. పేరు చెప్పవలదని కుటుంబమువారు కోరిరి గనుక చెప్పుటలేదు. ఊరివారు ఆయనను 'ఫౌండ్రీ తాత' యనిరి. నేను 'కాకా' యని పిలుచుచుంటిని. ఆయన నన్ను కడవరకు 'పంతులూ' అనియే పిలిచెను.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను వెలువరించి, జనుల తిండి, బట్ట, ఆటపాటలు, వృత్తులు సైతము చరిత్రకారుడు విచారింపదగిన విషయములే యని చూపిరి. ఆ దారిలో నడువదలచినవానికి మొదట కలుగు చిక్కు ఒకటి యున్నది. పనివారు వ్రాసిపెట్టరు. వారి పనిని గూర్చి వ్రాసినవారు పని చేసినవారు కారు. మన సీమ ఇనుపపని విషయమున ఈ చిక్కు మరింత పెద్దది. కావున నాకు తెలిసిన ఒక్క మనిషిని ఆధారముగా చేసికొని ఆ పనిని గూర్చి చెప్పెదను.

ఆయనది కమ్మరి కుటుంబము. తండ్రి తాతలు గ్రామపు ఆయగాండ్రు. నాగలికి కర్రు, కోతకు కొడవలి, కట్టెకు గొడ్డలి, బండిచక్రమునకు కమ్మి చేసి యిచ్చుటయు, కల్లముల కాలమున ధాన్యము పుచ్చుకొనుటయు వారి జీవనము. రొక్కము ఆ ఇంట అరుదు. అంగడిలో కొన్న కడ్డీలను కాచి సాగగొట్టుటయే కమ్మరిపని యని మనము నేడు తలచుచున్నాము. పూర్వ మట్లు కాదు. ఉత్తర తెలంగాణములో ఇనుపరాతిని కరగించి ఇనుము తీయుటయు, ఆ ఇనుమును ఉక్కుగా మార్చుటయు ఊరూర జరుగుచుండెను.

అందు మిక్కిలి ప్రసిద్ధి గన్నది నేటి నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలములోని కోనసముద్రము. మండలము పేరులోనే కమ్మరి యున్నాడు, గమనింపుడు. అచ్చటి పనివారు ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతవేసి, బొగ్గుల కొలిమిలో రేయింబవళ్ళు కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కుముద్దలను తీయుచుండిరి. ఆ ముద్దలు పారశీక దేశమునకు పోయి ఖడ్గములుగా మారుచుండెను. నీటి అలలవంటి చారలతో మెరసి, దమాస్కసు కత్తులని లోకమున పేరుపడిన ఆయుధములకు మన ఉక్కు ముఖ్యమైన ముడిసరకు. మన దక్షిణభాషల 'ఉక్కు' అను మాటయే పాశ్చాత్యుల నోట పడి 'వూట్జ్' అయినదని పండితులు చెప్పుదురు.

17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమును చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె ఈ ఉక్కును పేర్కొనెను. చిన్న రొట్టెలంతటి ముద్దలుగా అది అమ్ముడుపోవుచుండె ననియు, కొనువారు ముద్దను రెండుగా చేసి లోపలి గుణమును చూచి కొనుచుండి రనియు ఆతడు వ్రాసెను. ఈ సంగతిని శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

తరువాత, త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయ్‌సీ యను ఆంగ్లేయుడు కోనసముద్రమునకు వచ్చి పనిని కన్నులార చూచెను. ఒక్క తావు ఇనుము చాలదనియు, రెండు వేరువేరు స్థలముల ఇనుములను కలిపి మూసలో వేయుచుండిరనియు, పారశీక వర్తకుడొకడు అచ్చటనే యుండి సరకు కొనుచుండెననియు ఆతడు తెలిపెను. వాయ్‌సీ 1824లో మరణించెను. ఆతని వ్యాసము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. దాదాపు ఆ దినములలోనే, లండనులో మైకేల్ ఫారడే మహాశయుడు ఈ ఉక్కు రహస్యమును తెలిసికొన గోరి పరీక్షలు చేసెను. విద్యుచ్ఛాస్త్రమునకు మూలపురుషుడైన ఆ ఫారడే ఒక కమ్మరి కుమారుడు!

ఇంతమంది వ్రాసిరి. వ్రాసినవారి పేర్లు మనకు తెలియును. మూస పట్టిన పనివారిలో నాకు పేరు తెలిసినవాడు ఒక్కడును లేడు.

ఆ పరిశ్రమ 19వ శతాబ్దమున క్షీణించెను. సీమనుండి ఓడలమీద చవుకగా దిగిన ఇనుము ముందు, అడవి కొట్టి బొగ్గు కాల్చి తీసిన ఇనుము నిలువలేకపోయెను. బొగ్గునకు కట్టెయు దొరకుట కష్టమయ్యెను. కొలిమి మిగిలినది, మూస పోయినది. మా కాకా తాతగారి నాటికి వారి ఇంట సీమ ఇనుమే సాగుచుండెను. తమవారు ఒకప్పుడు ఉక్కు వండినవారను మాట ఆ ఇంట ఎవ్వరికిని జ్ఞాపకము లేదు.

ఇక ఆయన బాల్యము. ఆయన పుట్టుక 1938 ప్రాంతము. అప్పటికి మా సీమకు క్రొత్త జీవము వచ్చుచుండెను. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దూరు మార్గదర్శకత్వమున 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము మంజీరానదిని నిలిపి, బాన్సువాడ, బోధను ప్రాంతముల చేలకు కాలువనీరు తెచ్చెను. నీరు రాగా చెరకు వచ్చెను. చెరకు రాగా 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. అది కొంతకాలము ఆసియాఖండమున మిక్కిలి పెద్దదిగా చెప్పుకొనబడినది. 2002లో ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. కాకా తమ్ములలో ఒకడు అందు ఋతువుకాలపు కూలిగా పెక్కేండ్లు పనిచేసెను.

కర్మాగారము వచ్చినను రైతులు కొందరు ఊరిలోనే ఎద్దుల గానుగతో చెరకు ఆడి బెల్లము వండుచుండిరి. ఆ గానుగలకు కొయ్య పోయి ఇనుప రోలర్లు వచ్చినవి. ఒక యేడు, గానుగ నడిమధ్యలో నుండగా, ఒక రోలరు పగులబారెను. కళాయిలో రసము పులియుచుండగా రైతు పరుగున దానిని కమ్మరికొలిమికి తెచ్చెను. తండ్రి కొలిమిలో పెట్టి ఎఱ్ఱగా కాచి సమ్మెటతో నొక దెబ్బ వేయగా పగులు అతుకుకొనుటకు మారు అది మూడు ముక్కలయ్యెను. తిత్తి యూదుచున్న పిల్లవాడు నిశ్చేష్టుడయ్యెను. తండ్రి, "ఇది మన జాతి ఇనుము గాదు బిడ్డా. కొడ్తె వంగది, పల్గుతది" అనెనట.

ఇచ్చట ఒక మాట వివరింపవలెను. ఇనుమున బొగ్గుపాలు ఎంత యున్నదో దానినిబట్టి దాని స్వభావ ముండును. బొగ్గుపాలు ఇంచుమించు లేని ఇనుము సాగును, వంగును. అది కొలిమి ఇనుము. నూటికి ఒకటిన్నర పాలైనచో కోనసముద్రపు ఉక్కువంటిది. నూటికి మూడు, నాలుగు పాళ్ళైనచో అది పోత ఇనుము. అది తక్కువ వేడికే నీరగును, ఏ యచ్చులో పోసిన ఆ యాకారము పొందును, ఎంత బరువైనను మోయును. కాని సమ్మెటదెబ్బకు ఆగదు. మన రసశాస్త్రజ్ఞులు కూడ ఇనుము ఒక్కటి కాదని యెరుగుదురు. 'రసరత్నసముచ్చయము' దానిని ముండము, తీక్ష్ణము, కాంతము అని మూడుగా విభజించినది. వీనిని నేటి పేర్లతో జతపరచుటలో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు.

ఆ పిల్లవాని మనస్సులో ఆ మూడు ముక్కలు నాటుకొనిపోయెను. తన తండ్రి చేతికి లొంగని ఇనుము ఒకటి లోకమున నున్నది. దానిని ఎచ్చటనో ఎవరో చేయుచున్నారు. నాటినుండి అది చూడవలెనని పట్టుదల. చదువు మాత్రము అంతగా సాగలేదు. ఊరి బడిలో నిజాం కాలపు ఉర్దూ మాధ్యమము. నాలుగు ముక్కలు చదివి, ఉర్దూ అంకెలు నేర్చెను. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలసి, బడులలో తెలుగు నిలదొక్కుకొను నాటికి ఆయన చదువు ముగిసి, కొలిమి మొదలైనది. తెలుగు తానై కూడబలుకుకొని నేర్చెను. కాని తుదివరకును లెక్క వ్రాసినచో ఉర్దూ అంకెలే వ్రాసెను.

1957లో, పంతొమ్మిదవ యేట, ఆయన హైదరాబాదు చేరెను. ఆ నగరమునకు పోతపని క్రొత్త గాదు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 1795 ప్రాంతమున ఫిరంగులు పోత పోయించిన చోటు నేటికిని 'తోప్ కా సాంచా' అనియు, 'గన్‌ఫౌండ్రీ' అనియు వ్యవహరింపబడుచున్నది. నగరమున ఆ పేటపేరు రోజును పలుకువారు వేలమంది. అందు ఫిరంగి యచ్చు దాగియున్నదని తలచువారు తక్కువ. కాకాకు పని దొరకినది ఆ పేటలో గాదు. నగరపు శివారున, ఇద్దరు భాగస్వాములు నడపుచుండిన ఒక చిన్న ఫౌండ్రీలో. దాని పేరుతో మనకు పనిలేదు. పంపుల తొడుగులు, త్రాసు రాళ్ళు, వీధి గుంతల మూతలు, యంత్రముల చక్రములు అందు తయారగుచుండెను.

ఆయన మొదటి మూడేండ్లు ఇసుక జల్లించెను. పోతపనిలో ఇనుముకంటె ఇసుక ముఖ్యమని ఆయన మాట. కొయ్యతో చేసిన నమూనాను పెట్టెలో నుంచి, చుట్టును బంకమన్ను కలిపిన తడియిసుకను దట్టించి, నమూనాను మెల్లగా తీసివేసినచో దాని యాకారము ఇసుకలో బోలుగా మిగులును. కరగిన ఇనుము ఆ బోలులో నిండును. ఇసుక తడి సరిపోయినదో లేదో తెలిసికొనుటకు పిడికిట పట్టి పిసికి, ఆ ముద్దను నడుమకు విరువవలెను. విరిగిన అంచు తీరుగా నిలిచినచో ఇసుక సిద్ధము. "తడి ఎక్కువైతె బాంబు లెక్క పేల్తది. తక్కువైతె రాలి పోతది. ఏలుతోని జూసి చెప్పాలె, పంతులూ" అని ఆయన నాకు మా పెరటిమట్టితోనే చేసి చూపెను.

పోతపోయు దినము ఫౌండ్రీలో పండుగవంటిదట. కుపోలా యని పిలువబడు నిలువుకొలిమిలో కోక్ బొగ్గు ఒక వరుస, సున్నపురాయి ఒక వరుస, ముడి ఇనుమును పాత ఇనుపముక్కలును ఒక వరుస పేర్చి, క్రిందనుండి గాలి కొట్టుదురు. ఇట్టి కొలిమికి ఇంగ్లండులో జాన్ విల్కిన్‌సన్ 1794లో హక్కుపత్రము పొందెను. కొన్ని గంటలకు ఇనుము నీరై అడుగున చేరును. సున్నపురాయి మలినమును పట్టుకొని చిట్టెమై పైన తేలును. మన వైద్యులు మండూరమని మందులలో వాడునది ఇనుప చిట్టెమే. మట్టిబిరడా తొలగించినంతనే పాత్రలోనికి సూర్యునివంటి ధార దుముకును. ఇద్దరు మనుష్యులు కావడివలె ఆ పాత్రను మోసి, అడుగులు కలిపి నడచి, అచ్చు నోట పోయుదురు. ఒకడు తూలినచో ఇద్దరికిని ప్రాణాపాయము. "ఇనుము కాగినంక మన మాట ఇనది. దాని మాట మనం ఇనాలె" అని కాకా చెప్పుచుండెను.

వేడిని కొలుచు సాధనములు అచ్చట లేవు. కొలిమి గాలిరంధ్రమునకు అమర్చిన అద్దములో నుండి రంగు చూచి చెప్పవలెను. ఇనుము గుణమును పరీక్షించుటకు మొదట చిన్న గోజమువంటి అచ్చులో కొంచెము పోసి, చల్లార్చి, సుత్తితో విరిచి, విరిగిన మొగమును చూతురు. అంచున తెల్లదనము ఎక్కువైనచో ఇనుము పెళుసు, బరమా దానిని తొలువజాలదు. బూడిదవన్నె యున్నచో మంచిది. ఈ చూపు అబ్బుటకు ఆయనకు పదేండ్లు పట్టెను. అబ్బిన తరువాత యజమానులు కూడ ఆయన తల యూపనిదే పోతకు సెలవియ్యకుండిరి. టావెర్నియె వ్రాసిన మాటను జ్ఞప్తియందుంచుకొనుడని ఇందుకే కోరితిని. ముద్దను రెండు చేసి లోపల చూచెడి ఆ విద్య మూడువందల యేండ్ల తరువాత, మూస పోయి, ఊరు పోయి, పేరు పోయి, మరల ఒక తెలంగాణపు కమ్మరి చేతికి వచ్చినది. ఎవరును అతనికి వంశవిద్య యని చెప్పి నేర్పలేదు. అక్కరపడగా పని తానే నేర్పినది.

పోత ఇనుము చల్లారునప్పుడు కుదియును. నూటికి సుమారు ఒక పాలు తరుగును. అందుచేత నమూనా చేయువాడు అడుగునకు ఒక సూతు, అనగా అంగుళములో ఎనిమిదవ వంతు, పెంచి చేయవలెను. లెక్క మాటిమాటికి కట్టనక్కరలేకుండ వారియొద్ద ఒక ప్రత్యేకమైన కొలబద్ద యుండును. దానిమీద అడుగు అని గీసిన గీత నిజమైన అడుగుకంటె ఒక సూతు పొడవు. న్యాయశాస్త్రము చదివిన నాకు అసత్యము చెప్పుటకే నియమింపబడిన ఆ ప్రమాణము మిక్కిలి వింతగా తోచెను. కాకా పనినుండి విరమించినపుడు పాతదైన అట్టి కొలబద్ద నొకదానిని అడిగి తెచ్చుకొనెను. ఫౌండ్రీనుండి ఆయన తెచ్చుకొన్న వస్తువు అదియొక్కటియే.

1968 వానకాలమున ఒక అచ్చులో ఎచ్చటనో నీరు దిగి యుండెను. ఇనుము పోసినంతనే ఆవిరి పేలి, కాగిన లోహము చిమ్మి ఆయన యెడమపాదముమీద పడెను. మూడు నెలలు మంచము. కార్మికునకు పనిలో గాయమైనచో పరిహార మియ్యవలెనని చట్టము 1923 నుండియు నుండెను. అయినను ఆయనకు పైసయు రాలేదు. కారణ మేమన, ఫౌండ్రీ పుస్తకములో ఆయన పేరే లేదు. పనివారిలో సగమును కంట్రాక్టరు మనుష్యులుగా చూపి, కొందరిని ఏ కాగితమునను చూపక నడపుట ఆ యజమానుల రీతి. ఇనుము చూచి మంచిచెడ్డలు చెప్పుటకు ఆయన కావలెను. పుస్తకములో వ్రాయుటకు అక్కరలేదు! 1976లో మాత్రమే ఆయన పేరు భవిష్యనిధి పట్టికలో చేరెను. 1952 నాటి శాసనము అప్పటికే ఇరువదినాలుగేండ్ల ప్రాయము గలది. 1957 నుండి 1976 వరకు చేసిన 19 ఏండ్ల పని ఎచ్చటను వ్రాయబడలేదు.

ఇక గృహస్థుగా ఆయన. నలుగురన్నదమ్ములలో జ్యేష్ఠుడు, ఇద్దరు చెల్లెండ్రు. తండ్రి 1961లో పోగా ఇరువదిమూడేండ్ల వయస్సున ఇంటి పెద్దరికము మీద పడెను. నెలనెల మనియార్డరు. భార్యను నగరమునకు కొనిపోలేదు. రెండు కాపురములకు ఆ జీతము చాలదు. ఆ ధనముతోనే చెల్లెండ్ర పెండ్లిండ్లు, తమ్ముల పెండ్లిండ్లు, బావికి మోటారు, రెండెకరముల కాలువక్రింది పొలము. ప్రతి రూపాయ ఎచ్చటికి పోయినదో ఒక నోటుపుస్తకములో ఉర్దూ అంకెలతో వ్రాసియుంచెను. తమ్ములలో ఒకరును ఆ యంకెలు చదువజాలరు. లెక్క అడుగుటకు వీలులేని లెక్క యని వారు నవ్వుచుందురు గాని, ఆ నవ్వులో కొంత చేదు కూడ నుండెను.

ఆయన స్వభావము కఠినము. తమ్ముల బిడ్డల పెండ్లిండ్లు కూడ ముగియువరకు పాలు పంచుటకు ఒప్పుకొనలేదు. పెద్దకొడుకు ఫౌండ్రీకి వచ్చెదనన్నపుడు చేయి చేసికొనెను. ఆ బాలుడు తరువాత బాన్సువాడలో సైకిలు దుకాణము పెట్టి, అందు రాణింపక, పెక్కుకాలము తండ్రిని నిందించెను. చదువనెంచిన కూతురును పదునారవ యేటనే అత్తవారింటికి పంపెను. దానిని నేను నాడును మెచ్చుకొనలేదు, నేడును మెచ్చుకొనను. ఆమె బుద్ధి చురుకైనది. ఒకనాడు కాకాతో ఈ మాట అనగా, "పంతులూ, నీ అచ్చు నీది, నా అచ్చు నాది" అని లేచిపోయి నాలుగు దినములు మా యింటికి రాలేదు.

ఆయన ఇల్లాలు ఒక దినము నాతో అనిన మాట వ్రాయకున్నచో ఈ చరిత్ర పూర్తిగాదు. దసరాకు, బతుకమ్మకు, నాట్లకు, పెండ్లిండ్లకు కలిపి ఆయన ఏడాదికి నెలదినములు ఊర నుండెడివాడు. "ముప్పై తొమ్మిదేండ్లు నౌకరి జేసిండు సారూ. నాతోని ఉన్నది లెక్క కడ్తె మూడేండ్లకు జెరంత ఎక్కువ" అని ఆమె అనెను. నేను మనసున గుణించి చూచితిని. సరిగా నుండెను. బడిముఖము చూడని ఆ తల్లి ఆ గుణకారమును ఎన్ని రాత్రులు చేసియుండునో!

1996లో, 58వ యేట, ఆయన పనినుండి విరమించి ఊరికి వచ్చెను. అంతకు కొలది నెలలకు ముందే, 1995 నవంబరులో, భవిష్యనిధి చందాదారులకు పింఛను పథకము ఏర్పడియుండెను. కాగితములు నా యొద్దకు తెచ్చెను. 39 ఏండ్లకు రావలసినది 20 ఏండ్లకే లెక్కింపబడినది. నెలకు ఆరువందల చిల్లర. పుస్తకములో లేని 19 ఏండ్లకు సాక్ష్య మేది? యజమానులలో ఒకరు గతించిరి, మరొకరు ఫౌండ్రీని అమ్మివేసిరి. తోడి పనివారిలో నిరువురచే నేను వాఙ్మూలములు వ్రాయించితిని. మూడు మారులు నగరమునకు పోయితిమి. కార్యము కాలేదు. 2014 సెప్టెంబరు నుండి కనీస పింఛను వేయి రూపాయలుగా నిర్ణయింపబడినపుడు ఆయనకు నెలకు వేయి వచ్చినది. నాటి రాత్రి ఆయన తన పుస్తకములో ఆ యంకె వ్రాసికొనెను గాని సంతోషించినట్లు నాకు కనబడలేదు.

అయినను ఆయన సాయంకాలములు చేదుగా గడిచెనని తలపవలదు. ఇరువది యేండ్లకు పైగా మా యరుగుమీద మా యిద్దరి గోష్ఠి జరిగెను. నేను భాగవతము చదువగా ఒకనాడు, "పోతన అంటె మా పోతోళ్ళ పెద్దనా, పంతులూ?" అని కన్ను గీటెను. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన 'మానసోల్లాసము'లో విగ్రహములను మైనముతో చేసి, మట్టి పూసి, కాచి మైనమును కార్చివేసి, ఆ బోలులో లోహము పోయు పద్ధతి వివరింపబడినది. దానిని నేను చదివి అర్థము చెప్పగా, ఆయన నడుమ నాపి, "మైనమెంతుంటె లోహమెంత వోయాల్నో రాసిండా?" అని అడిగెను. మైనమును తూచి, దానినిబట్టి లోహము తీసికొనవలెనని అందు కలదు. "గట్లయితె ఆ రాజు పని చూసినోడే" అని ఆయన తీర్పు చెప్పెను. ఆ గ్రంథమునకు అంతటి ప్రమాణపత్రము నేను మరి యెచ్చటను చూడలేదు.

2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కూడి ఉత్తర తెలంగాణమున పాత ఇనుపకొలుముల జాడలను వెదకుచున్నారని వింటిని. అది నిమిత్తముగా కాకాను వెంటబెట్టుకొని కోనసముద్రమునకు పోయితిని. అచ్చట చిట్టెపు దిబ్బలును, మూసల పెంకులును ఇప్పటికిని కనబడును. ఆయన ఒక మూస అడుగుపెంకును తీసి, నోటితో ధూళి ఊది, వ్రేలిగోటితో గీకి, ఎండకెత్తి చాలసేపు చూచెను. దానినిండ సన్నని గుంటలు. "ఊక కలిపిండ్రు. గిదో, పొట్టు కాలిపోయిన జాగ. మట్టి పల్గకుంట" అనెను. ఆ మూసలమట్టిలో వరిపొట్టు కలిపియుండిరని లోహశాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినులతో పరిశోధించి చెప్పినదియు అదియే. ఆయన వారి వ్యాసములు చదివినవాడు గాడు. తన ఫౌండ్రీలో పెద్ద అచ్చులమట్టికి తానును ఊక కలిపినవాడు.

తిరుగుదారిలో బస్సులో, "గీళ్ళ పేర్లు ఎవలన్న రాసిండ్రా?" అని అడిగెను. లేదంటిని. "పుస్తకంల లేనోళ్ళన్నట్టు" అని కిటికీవైపు తిరిగెను. బాన్సువాడ దాక మరి మాటాడలేదు.

తుది యేండ్లలో దగ్గు ఆయనను పీడించెను. ఒక వైద్యుడు క్షయ యని కొన్ని నెలలు మందు లిచ్చెను. గుణము లేదు. మరియొక వైద్యుడు ఛాయాచిత్రము చూచి, ఏమి పని చేసితివని మొదటిసారిగా అడిగెను. ఇసుకధూళి ఊపిరితిత్తులలో చేరి వాటిని గట్టిపరచు సిలికోసిస్ అను వ్యాధి అది. 1948 నాటి కర్మాగారముల శాసనమే దానిని ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చినది. దానికి మందు లేదు. "పిడికిట్ల వట్టిన ఇసుక ఛాతిలకు వొయింది" అని కాకా దానిని కూడ పనిలో ఒక భాగముగనే చెప్పుకొనెను. 2019 మాఘమాసమున, తెల్లవారుజామున, నిద్రలోనే ఆయన ప్రాణము విడిచెను. ఇంట నలువదిమంది మనుష్యులు. తమ్ముల మనుమలు సైతము తలకొరివి వేళకు వచ్చిరి. ఆ నోటుపుస్తకమును ఉర్దూ తెలిసిన ఒక ముసలి ఉపాధ్యాయుని చేత చదివించితిమి. నలువది యేండ్ల లెక్కలో తనకొరకు వ్రాసికొన్న ఖర్చు బీడీలు, బస్సుచార్జి, 1968లో కాలికి కట్టు. తమ్ములు విని లేచి వెలుపలికి పోయిరి.

వితంతువునకు పింఛను వచ్చుచున్నది. ఆ దరఖాస్తును నేనే పూరించితిని.

కొలబద్ద మనుమని యొద్ద నున్నది. మొన్న ఇంటికి క్రొత్త తలుపు పెట్టించునపుడు ఆ బాలుడు సంగతి తెలియక దానితోనే ద్వారబంధము కొలిచి, ఆరడుగులని వడ్రంగికి చెప్పెను. వడ్రంగి తన బద్దతో ఆరడుగులకు తలుపు చేసి తెచ్చెను. నిలుపగా పైన ముప్పావు అంగుళము సందు మిగిలెను. వడ్రంగి నొచ్చుకొని, చెక్క అతికించెద నన్నాడు. ఆ ముసలితల్లి సందును చూచి, బద్దను చూచి, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వెను. చెక్క పెట్టనియ్యలేదు. ఆ తలుపు నేటికిని అట్లే యున్నది.